గోరువెచ్చటి నీళ్ళకు మూడు కొటేషన్లు

జనవరి 20

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీరు "ఆఁ? ఆఁ?" అనడం, నేను అరవడం, పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూడడం, ఇదంతా ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు లాండ్రీ బాయిలర్ పక్కన నిలబడినందుకు మీ చెవుల్లో హోరు మిగిలింది. దానివల్ల నా చేతిరాత బాగుపడింది. తోడల్లుళ్ళం అన్నాక ఆ మాత్రం పంచుకోవాలి కదా.

మామయ్యగారు మా ఇంటికి వచ్చి పది రోజులైంది. మాట బాగానే వస్తోంది. కుడిచెయ్యి సగం వస్తోంది. కుడికాలు మాత్రం ఆయన్ని బొత్తిగా లెక్కచేయడం లేదు. ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చి చూసింది. "పక్షవాతం వచ్చాక మొదటి ఆరు నెలలే కాలికి ముఖ్యం. గోరువెచ్చటి నీళ్ళలో రోజూ నడిపించండి. ముప్పై రెండు డిగ్రీలు ఉండాలి. ఇంట్లోనే ఈతకొలను ఉంది కదా, ఇంకేం కావాలి మీకు?" అంది. ఆయనకు పక్షవాతం నవంబరులో వచ్చింది కాబట్టి రెండు నెలలు అప్పుడే అయిపోయాయి.

మా ఈతకొలను సంగతి మీకు తెలుసు. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. ఈ ఇల్లు కొనేటప్పుడు చూసిన మూడిళ్ళలో ఇదే చవక. కొలనుకు అయ్యే ఖర్చు చూసి అందరూ పారిపోయారు, నేను ఇంటి ధర చూసి ఆగిపోయాను. ఎనిమిదేళ్ళుగా అందులో ఆకులు ఈదుతున్నాయి, మీ మరదలు ఈదుతోంది. నేను పొడుగుకర్రకు కట్టిన వలతో ఆకులు తీస్తుంటాను, ఒడ్డు మీద నుంచే.

ఇప్పుడు నీళ్ళు ఇరవై ఒక్క డిగ్రీలు ఉన్నాయి. వీటిని వేడిచేసే మార్గాలు నాలుగు: గ్యాస్ హీటర్, హీట్ పంప్, కప్పు మీద సోలార్ పలకలు, మామూలు కరెంటు హీటర్. బస్సుల కంపెనీలో కొనుగోళ్ళ విభాగంలో ముప్పై రెండేళ్ళు పనిచేసి, మూడు కొటేషన్లు లేనిదే గుండుసూది కూడా కొనని మనిషిని నేను. రిటైరైనా ఆ జబ్బు తగ్గలేదు. కొత్త ఫైలు తెరిచాను. వేడినీళ్ళతోనే మీ జీవితం గడిచింది కాబట్టి మీ సలహా కూడా ఒక కాగితం మీద రాసి పంపితే ఫైల్లో పెట్టుకుంటాను. వదినగారికి నమస్కారాలు చెప్పండి.

మీ తమ్ముడు


జనవరి 28

కొటేషన్ తమ్ముడికి ఆశీస్సులు.

నీ జాబు మీ వదిన గట్టిగా చదివి వినిపించబోయింది. నాకు వినిపించలేదు, వీధికి వినిపించింది. తర్వాత నేనే చదువుకున్నాను.

ఇందులో ఫైలు తెరవాల్సినంత విషయం లేదు. నీళ్ళను కాచడం కష్టం కాదు, కాచిన వేడిని నిలబెట్టడం కష్టం. కొలనులో వేడి చాలావరకు పైనుంచే ఆవిరై పోతుంది. కాబట్టి ముందు నీళ్ళ మీద పరిచే కవరు కొను. అది లేకుండా ఏ యంత్రం పెట్టినా, మూతలేని గిన్నెలో పాలు కాస్తూ గ్యాస్ బండను తిట్టుకున్నట్టే ఉంటుంది.

గ్యాస్ హీటర్ తొందరగా కాస్తుంది, అంత తొందరగానూ జేబు ఖాళీ చేస్తుంది. నెలకోసారి స్నేహితులను పిలిచి ఈదేవాళ్ళకు అది సరిపోతుంది. సోలార్ మంచిదే, కానీ మబ్బు పట్టిన రోజున మామయ్యగారి కాలు సెలవు తీసుకోదు కదా. కరెంటు హీటర్ కొనేటప్పుడు చవక, బిల్లు వచ్చినప్పుడు గుండె గుభేలుమంటుంది. రోజూ వాడే నీకు హీట్ పంప్. అది బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్ళకు ఇస్తుంది. ఒక వంతు కరెంటు తీసుకుని నాలుగైదు వంతుల వేడి ఇస్తుంది. నెమ్మదిగా కాస్తుంది, మూడు రోజులు పడుతుంది. కాగాక అలా పట్టి ఉంచుతుంది.

నేనే వచ్చి బిగిస్తాను. నువ్వు ఊఁ అంటే వచ్చే ఆదివారం బండికి బయల్దేరతాను. రెంచీల సంచీ సర్దేశాను కూడా.

మీ అన్నయ్య


ఫిబ్రవరి 9

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ సలహా బంగారం. కాకపోతే ఒక చిక్కు వచ్చింది. మా పద్ధతి ప్రకారం బంధువులు ఇచ్చిన సలహాను పరిగణించకూడదు. అందుకని ధరలన్నీ పక్కపక్కన పెట్టి పోల్చే కంపారిటివ్ స్టేట్‌మెంటులో మీ గడి ఎదురుగా "బంధువు, కాబట్టి చెల్లదు" అని ఎర్రసిరాతో రాశాను. మీరేమీ అనుకోరని తెలుసు. ఫైలును ఎవరు ఆడిట్ చేస్తారని మీ మరదలు అడిగింది. నేను స్కేలు తీసి ఇంకో గీత గీశాను.

అసలు ఆలస్యం నా వల్ల కాదు. మొదటి విడత కొటేషన్లు మామయ్యగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ప్రతి కాగితం చదివారు. "అల్లుడుగారూ, గ్యాస్ వాసన నాకు పడదు" అన్నారు. అభ్యంతరం వస్తే పాతవన్నీ రద్దుచేసి మళ్ళీ పిలవడం మా ఆనవాయితీ. రద్దుచేశాను. రెండో విడతలో హీట్ పంప్ శబ్దం చేస్తుందేమో, నిద్ర చెడుతుందేమో అన్నారు. మళ్ళీ రద్దు. ఇప్పుడు మూడో విడత నడుస్తోంది. సోలార్ పలకలు గాలికి ఎగిరిపోతాయేమో కనుక్కోమన్నారు. నలభై ఏళ్ళు మునిసిపల్ కొలనులో ఈత నేర్పిన మాస్టారు ఇంత శ్రద్ధగా ఫైలు చదువుతారని నేను కలలో కూడా అనుకోలేదు. మేమిద్దరం రోజూ సాయంత్రం నాలుగింటికి కొలను పక్కన కుర్చీలు వేసుకుని కాగితాలు పరుచుకుంటున్నాం. ఆఫీసులో ఉన్నట్టే ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు హాయిగా కూడా ఉంది.

మీ తమ్ముడు


మార్చి 2

అన్నయ్యగారికి నమస్కారాలు.

మూడు వారాలైంది, మీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఏం తప్పు చేశానా అని మీ ఉత్తరం మళ్ళీ చదివాను. దొరికింది. కవరు గురించి మీరు అంత గట్టిగా చెబితే నేను ఒక్క ముక్కైనా జవాబు రాయలేదు. మీ మనసు నొచ్చి ఉంటుంది. క్షమించండి. దిద్దుకోవడానికి ఈ ఉత్తరంతో పాటు కవర్ల కొటేషన్లు మూడు జతచేస్తున్నాను. నీలం, ఆకుపచ్చ, బూడిదరంగు. మీకు నచ్చిన రంగు మీద టిక్కు పెట్టి పంపండి. ఈసారి మీ మాటే చెల్లుతుంది, ఎర్రసిరా వాడను.

మామయ్యగారు బాగానే ఉన్నారు. గోడ పట్టుకుని గదిలో నడుస్తున్నారు. పాదం నేలకు ఈడుస్తున్నారు. ఫిజియోథెరపిస్టు అమ్మాయి నిన్న వచ్చి కొలనులో చెయ్యి పెట్టి చూసింది. నన్ను కూడా ఒకసారి చూసింది. చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయింది.

మీ తమ్ముడు


మార్చి 10

తమ్ముడికి,

కవరు ఏ రంగుదైనా నాకేం పోయింది?

ఆ ఆదివారం నేను చొక్కా ఇస్త్రీ చేసుకుని, సంచీ గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. నీ ఊఁ రాలేదు. ఎర్రసిరా వచ్చింది. అరవై రెండేళ్ళు వచ్చినవాడు అలగకూడదని నాకూ తెలుసు. అయినా అలిగాను. మీ వదిన ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడాలి కాబట్టి సంచీతో మాట్లాడుతోంది.

ఆవిడ ఇంకో మాట కూడా అంది. "వాడికి నాన్నగారి మీద డబ్బు పెట్టడం ఇష్టం లేదు, అందుకే ఈ కాగితాల ఆట" అంది. నేను ఔనన్నాను. మామూలుగా వినిపించకపోయినా ఔనంటాను. ఈసారి వినిపించే అన్నాను.

అయినా మనసొప్పక నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. యంత్రాలున్నాయి, గొట్టాలున్నాయి, గ్యాస్ వాసన ఉంది, కవర్ల రంగులున్నాయి. అందులో ఒక మనిషి తక్కువయ్యాడు. కాలు నిలవని మామయ్యగారు నీళ్ళలో ఒక్కరే నడవలేరు. మరదలికి నిరుడు భుజం జారింది. పైగా పొద్దున్నే ఎక్స్‌రే డ్యూటీకి వెళ్ళిపోతుంది. మరి నీళ్ళలో దిగి ఆయన్ని పట్టుకునేది ఎవరు? ఒక్క లైనులో కూడా రాయలేదేం?

మీ అన్నయ్య


మార్చి 17

అన్నయ్యగారికి నమస్కారాలు.

డబ్బు మాట అన్నారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మీరు అనుకుంటే అనుకున్నారు, వదినగారు కూడా అనుకున్నారా? మామయ్యగారికి పెట్టే డబ్బుకు నేను వెనకాడే మనిషిని కాను. గుండుసూదికి వెనకాడతాను, అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున్నే ఫైలు మూసి, మీరు మొదట్లో చెప్పిన హీట్ పంపునే, మీరు చెప్పిన కవరునే ఒక్క కొటేషన్ మీద కొనేశాను. నా జన్మలో ఇదే మొదటిసారి. కొట్టువాడు ధర చెప్పి నా మొహం చూశాడు, నేను బేరమాడలేదు. బిగించడానికి మిమ్మల్ని రమ్మని అడగడానికి మొహం చెల్లలేదు. కొట్టువాడి మనుషులే వచ్చారు. యంత్రం ఇంటి వెనక ఉంది. బట్టల అలమారంత ఉంది, పిల్లి గుర్రుపెట్టినంత శబ్దం చేస్తోంది. పైపులకు ఏదో బిగింపు చాలలేదట, మళ్ళీ వస్తామన్నారు. పూర్తిగా నడవడానికి ఇంకో పది రోజులు పట్టొచ్చు.

మీరడిగిన ప్రశ్నకు జవాబు తర్వాత రాస్తాను. అది వేరే ఫైలు.

మీ తమ్ముడు


మార్చి 25

తమ్ముడికి ఆశీస్సులు.

డబ్బు మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. మీ వదిన కూడా తీసుకుంటోంది, కానీ ఆవిడ తీసుకునేటప్పుడు ఇంకో రెండు మాటలు కలిపింది. అవి రాయను.

నీ వేరే ఫైలు నాకు అక్కర్లేదు, అందులో ఏముందో నాకు తెలుసు. నా పెళ్ళైన కొత్తలో మామయ్యగారు నాకు ఈత నేర్పుతానని కొలనులోకి దింపారు. నేను ఆయన మెడకు చుట్టుకుని, ఆయన్ని ముంచి, నేనూ మునిగి, ఈత నేర్చుకోడానికి వచ్చిన పిల్లలందరూ చూస్తుండగా బావురుమన్నాను. తర్వాత రెండేళ్ళకు నీ వంతు వచ్చింది. నువ్వు కడుపునొప్పన్నావు. మర్నాడూ కడుపునొప్పే. ఆ వారమంతా అదే నొప్పి. చివరికి ఆయన నిన్ను వదిలేశారు.

ఆ కడుపునొప్పి ఇంకా తగ్గలేదు కదూ?

మీ అన్నయ్య


ఏప్రిల్ 6

అన్నయ్యగారికి నమస్కారాలు.

తగ్గలేదు.

నీళ్ళు ముప్పై రెండుకు వచ్చి ఇవాళ్టికి ఐదు రోజులు. మొదటి రోజు ఇద్దరం తువ్వాళ్ళు భుజాన వేసుకుని మెట్ల దాకా వెళ్ళాం. మామయ్యగారు థర్మామీటరు చూసి, "ఇది తప్పు చూపిస్తోందేమో, ఇంకోటి తెప్పించండి" అన్నారు. నేను ఎగిరి గంతేసినంత పనిచేసి బజారుకు పరిగెత్తాను. రెండో రోజు గాలి ఎక్కువగా ఉందన్నారు. ఆకు కూడా కదలడం లేదు. "అవునండీ, ఈదురుగాలి" అన్నాను. మూడో రోజు నేనే ముందు తుమ్మాను. ఇలా ఐదు రోజులు గోరువెచ్చటి నీళ్ళ పక్కన పొడి తువ్వాళ్ళతో కూర్చుని టీ తాగాం. యంత్రం ఊరికే తిరుగుతోంది. నిన్న మీ మరదలు డ్యూటీ నుంచి తొందరగా వచ్చి మమ్మల్ని అలా చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "ఐదు నెలలైపోయింది. నాన్నకు ఇంక ఒక్క నెల ఉంది" అంది.

అన్నయ్యగారూ, ఇప్పుడు రాస్తున్నాను. మొదటి రోజే ఫిజియోథెరపిస్టు అమ్మాయి నన్ను తేరిపార చూసి, "మీరే దిగి పట్టుకోవాలి" అంది. మీకు రాసిన మొదటి ఉత్తరంలో ఆ వాక్యం ఎగ్గొట్టాను. నడుం లోతు నీళ్ళంటే నాకు ప్రాణాలు గొంతులోకి వస్తాయి. నేనేం అవుతానో అని కాదు, ఆయన జారితే నేను ఆయన్ని వదిలేసి గట్టు పట్టుకుంటానేమోనని. వదిలేస్తాననే నాకు తెలుసు. అందుకని మూడు కొటేషన్లు. ఆయన ఒక్కో అభ్యంతరం చెబుతుంటే నాకు దేవుడు ప్రత్యక్షమైనట్టుండేది. ఒక ముసలాయన కాలు ఎండిపోతుంటే నేను గీతలు గీసి గళ్ళు నింపుకుంటూ కూర్చున్నాను. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో ఇంత శుభ్రంగా ఎప్పుడూ ఫైలు రాయలేదు.

మీరు రండి. ఎర్రసిరా కొట్టేశాను. మీరు వచ్చి పట్టుకోండి.

మీ తమ్ముడు


ఏప్రిల్ 11

తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదవగానే సంచీ సర్దాను. తర్వాత విప్పేశాను. నేను వస్తే నువ్వు జన్మంతా ఆ గట్టు మీదే ఉండిపోతావు. పైగా నేను దిగితే మామయ్యగారు మమ్మల్ని ఇద్దరినీ మొయ్యాలి, నన్నూ, నా భయాన్నీ.

ఒక్క మాట. ఆయనకు పక్షవాతం వచ్చింది ఎక్కడ? నీళ్ళలో. మునిసిపల్ కొలను మధ్యలో చెయ్యీ కాలూ పడిపోతే ఒక శిష్యుడు జుట్టు పట్టుకుని లాగి గట్టున పడేశాడు. నలభై ఏళ్ళు ఈత నేర్పిన మాస్టారికి గ్యాస్ వాసన, ఈదురుగాలి ఎందుకు గుర్తొస్తున్నాయో నీకు ఇంకా తెలియలేదా? నాకూ ఇవాళే తెలిసింది. మనిద్దరి బుర్రలూ కలిపినా ఒకటి కాదు.

వెళ్ళి ఆయనకు నీ సంగతి చెప్పు. నాకు రాసినట్టే చెప్పు. ఉత్తరం రాయకు, పక్క గదిలోనే ఉన్నారు.

మీ అన్నయ్య


ఏప్రిల్ 19

అన్నయ్యగారికి నమస్కారాలు.

చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని సాక్సు వేసుకుంటున్నారు. ఎడమచేత్తో వేసుకోవాలి కాబట్టి చాలా సేపు పడుతుంది. నేను నిలబడే చెప్పాను. "మామయ్యగారూ, నాకు నీళ్ళంటే భయం. మీరు జారితే వదిలేస్తానేమోనని భయం. అందుకే ఇన్నాళ్ళూ కాగితాలు తిప్పాను." ఆయన సాక్సు వంకే చూస్తూ, "నాకూ భయమే" అన్నారు. తర్వాత ఆ వేసుకున్న సాక్సు కూడా తీసేశారు.

దిగాం. ఎడమచేత్తో ఆయన కమ్మీ పట్టుకున్నారు. కుడిచెయ్యి నా మెడ చుట్టూ వేశారు. రెండో మెట్టు దగ్గర నేను ఆయన నడుం చుట్టూ చెయ్యి బిగించాను. ఆయన గుండె కొట్టుకోవడం నా పక్కటెముకలకు తెలుస్తోంది. నేల తగిలాక ఆయన కుడికాలు ముందుకు వేయబోతే అది పక్కకు పోయింది, ఇద్దరం ఒరిగాం. నా చెయ్యి గట్టు కోసం లేచింది. అబద్ధం ఎందుకు, లేచింది. "ఊపిరి బిగపట్టకండి, వదలండి" అని ఆయన అరిచారు. నేను ఊపిరి వదిలాను. ఆయన్ని వదలలేదు. నాలుగు అడుగులు వేశాం. పైకి వచ్చాక మీ మరదలు వెళ్ళి చూస్తే యంత్రం ఆగిపోయి ఉంది. రాత్రే కరెంటు ట్రిప్పయిందట. నీళ్ళు ఇరవై ఏడు. ఇద్దరిలో ఒక్కరికీ తెలియలేదు.

ఆ రోజు నుంచి రోజూ దిగుతున్నాం. యంత్రం బాగైంది, కవరు బూడిదరంగుది.

ఇక రాయడం ఇష్టం లేని సంగతి. నిన్న ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చి పరీక్ష చేసింది. మోకాలు, తొడ బాగుపడతాయట. పాదం మాత్రం మునుపటిలా పైకి లేవదట. దానికి పట్టీ వేసుకునే నడవాలి. "జనవరిలోనే మొదలుపెట్టి ఉంటే..." అని ఆ అమ్మాయి సగంలో ఆపేసింది. మిగతా సగం నాకు తెలుసు. ఆమె వెళ్ళాక మామయ్యగారి దగ్గర కూర్చుని, "మీ పాదం నేను తినేశాను. ఆ పన్నెండు వారాలూ నావే" అన్నాను. మాట పూర్తికాకుండానే ఏడుపొచ్చింది.

ఆయన కాసేపు నా వీపు మీద చెయ్యి వేసి ఉంచారు, రాని చెయ్యే. తర్వాత ఇలా అన్నారు: "అల్లుడుగారూ, నీళ్ళంటే భయపడేవాళ్ళను గుర్తుపట్టడం నలభై ఏళ్ళు నా ఉద్యోగం. ఆ అమ్మాయి 'మీరే దిగాలి' అన్నప్పుడు మీ మొహం చూశాను. మొదటి రోజే తెలిసింది. మీకు ధైర్యం చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేదు. నేను దాక్కోవడానికి మీరు బాగా పనికొచ్చారు."

మీ మరదలు దీపం వేయడానికి వచ్చి, వేయకుండానే వెళ్ళిపోయింది.

ఇక ఆపుతాను. ఆయన తువ్వాలుతో గుమ్మంలో నిలబడి, "పదండి పదండి" అంటున్నారు. మీరూ వదినగారూ రండి, పని చేయడానికి కాదు, చూడడానికి. ఇవాళ ఎనిమిది అడుగులట. ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. నాకు చాలా ఉన్నాయి, చెప్పడం లేదు.

మీ తమ్ముడు